తూకము వేసిన తరువాతే వేలము

లేసు అల్లిక గోదావరి ప్రాంతపు క్రైస్తవ గృహములకు కొత్త కాదు. 19వ శతాబ్దములో మిషనెరీ కుటుంబముల ద్వారా వచ్చిన ఈ చేతిపని నర్సాపురము చుట్టుపట్ల ఎందరో తల్లులకు కూడుపెట్టినది. 2024లో నర్సాపురము లేసుకు భౌగోళిక గుర్తింపు కూడ లభించినది. ఇప్పుడు చదువుకొన్న బిడ్డలు కొందరు, తల్లులు అల్లిన టేబుల్ క్లాతులను దళారితో పని లేకుండ ఆన్‌లైన్ వేలములో పెట్టాలని చూస్తున్నారు. వారు మమ్ములను అడిగేది ధర గురించి కాదు. పార్సిలు ఖర్చు ఎంత వేయాలని అడుగుతున్నారు. ఇది పాస్టరును అడిగే ప్రశ్నేనా అని నవ్వేవారు నవ్వవచ్చు. మాకు మాత్రము ఇది ప్రసంగ వేదికకు తగిన విషయముగానే తోచినది.

మన కోత పండుగలో గుమ్మడికాయను పాడుకొన్నవాడు దానిని భుజమున వేసికొని ఇంటికి పోతాడు. ఆన్‌లైన్ వేలములో అట్లు కాదు. పాడినవారు ఎక్కడో అమెరికాలోనో, ఇంగ్లాండులోనో ఉంటారు. వస్తువు ఎంతకు పోతుందో చివరి గడియ వరకు ఎవరికీ తెలియదు గాని, పంపే ఖర్చు మాత్రము వేలము మొదలు కాకముందే ప్రకటించాలి. పాట ముగిసిన తరువాత "తూకము ఎక్కువ వచ్చినది, ఇంకొంత పంపండి" అనుటకు వీలు లేదు. (ఈబే సంస్థ 2004లో బాజీ డాట్ కామ్‌ను కొని మన దేశములో అడుగుపెట్టినది; 2018లో ఇక్కడి అంగడి మూతపడినది. విదేశీయులకు అమ్ముకొనే మార్గము మాత్రము ఇక్కడివారికి ఉన్నది. దానికి ఎగుమతి కోడు నంబరు తీసికొనవలెను.)

ఈ ఖర్చులో ఒక పాత మోసము దాగి ఉన్నది. ఈబే మొదట్లో వస్తువు ధర మీదనే కమీషను తీసికొనేది. అందువలన కొందరు వస్తువును ఒక డాలరుకు పెట్టి, పంపుటకు ఇరవై డాలర్లు వేసేవారు. కొనేవానికి ధర చవకగా కనబడేది, సంస్థకు కమీషను తప్పేది. 2011లో అమెరికాలో పంపే ఖర్చు మీద కూడ కమీషను వేయుట మొదలుపెట్టిన తరువాత ఆ ఉపాయము పారలేదు. సంచిలో పెద్దదొకటి, చిన్నదొకటి రెండు తూనికరాళ్లు ఉంచుకొనే వర్తకుని గురించి ద్వితీయోపదేశకాండము 25వ అధ్యాయములో చదువుతాము గదా. ఈ డాలరు లెక్క ఆ సంచిలోనిదే.

అయితే అట్టపెట్టె, ప్లాస్టిక్ కవరు, టేపు, పోస్టాఫీసుకు పోయి వచ్చే ఆటో ఖర్చు కలుపుకొనుట మోసము కాదు. అది న్యాయమైన ఖర్చే. మొహమాటపడి వదిలివేయనక్కరలేదు.

మన బిడ్డల విషయములో మా భయము ఎక్కువ వేస్తారని కాదు, తక్కువ వేస్తారని. "ఉచితముగా పంపుతాము" అంటే పాట బాగా పెరుగుతుందని అనుకొంటారు. పాట పెరగకపోతే? పోస్టాఫీసు తన రుసుము తాను తీసికొంటుంది, వెబ్‌సైటు తన కమీషను తాను తీసికొంటుంది. మిగిలేది అల్లిన తల్లి కూలి ఒక్కటే. తగ్గేదంతా అందులోనుండే తగ్గుతుంది. జర్మనీకి చెందిన మరియా మీస్ అనే సామాజిక శాస్త్రవేత్త నర్సాపురము లేసు స్త్రీలను గురించి 1982లో ఒక పుస్తకము ప్రచురించారు. ఇంటి పనంతా చేస్తూనే దినములో ఎన్నో గంటలు అల్లే ఈ స్త్రీలను కూలివారుగా ఎవరూ లెక్కించరనీ, ఖాళీ సమయములో చేసే పనిగా చూస్తారనీ ఆమె చూపించారు. ఆ చూపు మన ఇండ్లలో నేటికీ పోలేదు. పార్సిలు లెక్క తప్పితే "పోనీలే, అమ్మ ఊరికే కూర్చుని అల్లినదేగా" అనే మాట సులభముగా నోటికి వస్తుంది. ఆ మాట రాకుండా ఉండాలంటే తూకము ముందే తేలాలి.

తూకము వేసేది గుడ్డను కాదు, కట్టిన పార్సిలును. గుడ్డ 450 గ్రాములు ఉన్నదనుకొందాము. కవరు, అట్టపెట్టె కలిసి 120 గ్రాములు. మొత్తము 570. అర కిలో దాటినందున తరువాతి అంచె రుసుము పడుతుంది. పెట్టెకు బదులు గట్టి కవరు వాడితే అర కిలోలోనే ఉండవచ్చును. కిరాణా కొట్టు కాటా మీద చూచి ఊరుకోక, పోస్టాఫీసులో కూడ ఒకసారి తూయించుట మేలు.

కొరియరువారి దగ్గర ఇంకొక లెక్క ఉన్నది. పొడవు, వెడల్పు, ఎత్తులను సెంటీమీటర్లలో గుణించి, సాధారణముగా 5000తో భాగిస్తారు. వచ్చినది అసలు బరువుకంటె ఎక్కువైతే దానికే డబ్బు అడుగుతారు. 40, 30, 20 సెంటీమీటర్ల పెట్టె అయితే 4.8 కిలోలు! లోపల ఉన్నది కిలో లేసే అయినను అంతే. లేసు గాజు సామాను కాదు. చక్కగా మడిచి పలుచని పొట్లము కడితే ఈ బాధ ఉండదు.

దూరమును బట్టి కూడ ఖర్చు మారుతుంది గనుక అన్ని దేశములకు ఒకే మొత్తము ప్రకటించకూడదు. దిగుమతి సుంకము ఎవరు కట్టాలో కూడ ముందే వ్రాయాలి. 2025 ఆగస్టులో అమెరికావారు తక్కువ విలువగల పార్సిళ్లకు ఉన్న సుంకము మినహాయింపును తీసివేసినప్పుడు మన తపాలా శాఖ అక్కడికి పార్సిళ్లు నిలిపివేసి, అక్టోబరులో మరల తెరచినది. పాత రుసుము చూచి వేలము పెట్టినవారి గతి ఏమిటో ఊహించుకొనండి. కాబట్టి ప్రతి వేలమునకు ముందు ఆ దినపు రుసుమే అడిగి తెలిసికొనాలి.

ఒక్కరే మూడు చిన్న లేసులు పాడుకొంటే మూడింటిని ఒకే పొట్లములో పంపవచ్చును. అప్పుడు మూడు పార్సిళ్ల ఖర్చు తీసికొనక, మిగిలినది కొన్నవారికి తిరిగి ఇవ్వాలి. పోస్టాఫీసు రశీదును మాత్రము పారవేయకండి. దాని నకలు అల్లిన తల్లి చేతిలో పెట్టి, అమ్మిన ధర, కమీషను, పార్సిలు ఖర్చు ఆమెకు చదివి వినిపించండి. ఆమె లెక్క అడగకపోయినను సరే.