తంబిగారు సెయింట్ అయిపోయారా?

సంక్రాంతికి జనమంతా గోదావరి జిల్లాలకు వస్తుంటే, మా ఆర్సీఎం (రోమన్ కాథలిక్) గుడి నుంచి కొన్ని కుటుంబాలు ఎదురు దారి పడతాయి. గన్నవరం దగ్గర పెద్దఅవుటపల్లికి వెళతాయి. బ్రదర్ జోసఫ్ తంబి 1945 జనవరి 15న కన్నుమూసింది అక్కడే, ఆయన సమాధి ఉన్నదీ అక్కడే. వెళ్లొచ్చినవాళ్లు ప్రసాదంతో పాటు ఒక మాట కూడా తెస్తారు: "మన తంబిగారు సెయింట్ అయిపోయారంట!" ఆయన మీద ప్రేమ నాకూ ఉంది. అందుకే ఈ మాట దగ్గర ఆగాలనిపించింది.

అపోహ: ప్రజలు పునీతుడని (సెయింట్ అని) పిలిస్తే పునీతుడే.

ఒకప్పుడు దాదాపు అంతే. తొలి శతాబ్దాల్లో విశ్వాసం కోసం ప్రాణమిచ్చిన వేదసాక్షుల సమాధుల దగ్గర జనం చేరేవారు, స్థానిక పీఠాధిపతి ఒప్పుకునేవారు. రోము నుంచి పోప్ అధికారికంగా ప్రకటించినట్టు తెలిసిన మొదటి పునీతుడు ఆగ్స్‌బర్గ్ పీఠాధిపతి ఉల్రిచ్, 993లో. ఇప్పుడు మెట్లున్నాయి. చనిపోయాక కనీసం ఐదేళ్లు ఆగి, అక్కడి పీఠాధిపతి తన మేత్రాసనంలో దర్యాప్తు మొదలుపెడితే 'దైవసేవకుడు'. తంబిగారు ఉన్నది ఈ మెట్టు మీద. ఆయన సుగుణాలు అసామాన్యమైనవని రోము ఒప్పుకుంటే 'పూజనీయుడు', ఒక అద్భుతం రుజువైతే 'ధన్యుడు', ఆ తర్వాత ఇంకొకటి రుజువైతే 'పునీతుడు'. వేదసాక్షికి మొదటి అద్భుతం అక్కర్లేదు. ఐదేళ్ల నియమాన్ని పోప్ సడలించవచ్చు, మదర్ తెరెసా విషయంలో అలాగే జరిగింది. అయినా 1997లో మరణించిన ఆమె పునీతురాలయ్యేసరికి 2016 వచ్చింది.

ఇక్కడే మనవాళ్లకు ఎవరూ చెప్పని సంగతి ఒకటుంది. ధన్యుడని ప్రకటించకముందే బహిరంగంగా పునీతుడిలా కొలవడం నిషిద్ధం. 17వ శతాబ్దంలో ఎనిమిదో అర్బన్ పోప్ పెట్టిన నియమం ఇది. పటంలో తల వెనక కాంతివలయం వేయకూడదు, ఆ వ్యక్తి పేరు మీద గుడి కట్టకూడదు. అలాంటివేమీ జరగలేదని దర్యాప్తులో ప్రత్యేకంగా తేల్చాలి. సమాధి దగ్గర మోకరించి సొంతంగా ప్రార్థించుకోవచ్చు, పువ్వులు పెట్టుకోవచ్చు. అంతవరకూ ఎవరూ కాదనరు. కానీ ఫ్లెక్సీ మీద 'పునీత' అని అచ్చు వేయించడం తంబిగారికి మేలు చేసినట్టు కాదు. నా మాట కటువుగా ఉందేమో గాని, ప్రేమ ఉన్నవాళ్లే ఈ జాగ్రత్త పడాలి.

అపోహ: బతికుండగా చేసిన అద్భుతాలే లెక్క.

తంబిగారి ఒంటి మీద క్రీస్తు పంచగాయాలు కనిపించేవని పెద్దలు చెప్పుకుంటారు. ఆయన పవిత్రత గురించిన సాక్ష్యాల్లో వాటికి చోటుంది గాని, కావలసిన ఆ అద్భుతం కింద అవి చెల్లవు. ఆయన మరణం తర్వాత, ఆయన వేడుదల వల్ల, అంటే ఆయన మన తరఫున దేవుణ్ణి వేడుకోవడం వల్ల, జరిగిందే కావాలి. అది ఎక్కువసార్లు రోగ స్వస్థతే అవుతుంది. స్వస్థత జరిగిన మేత్రాసనంలోనే ముందు సాక్ష్యాలు తీసుకుంటారు. తర్వాత రోములో వైద్య నిపుణుల మండలి చూస్తుంది. ఏడుగురు కూర్చుంటే కనీసం ఐదుగురు ఒప్పుకోవాలి. వాళ్లు 'అద్భుతం' అన్న మాటే వాడరు. ఇప్పుడున్న వైద్యశాస్త్రం ప్రకారం దీనికి వివరణ లేదని మాత్రమే చెబుతారు. త్వరగా, పూర్తిగా తగ్గి ఉండాలి, తిరగబెట్టకూడదు. ఆ తర్వాతే వేదాంతులు, కార్డినళ్లు, చివరికి పోప్.

మా మేనత్తకు కడుపులో గడ్డ కరిగిపోయింది. "తంబిగారే తీసేశారు" అంటుంది. నేను ఫైలు అడిగాను. అటక మీద బియ్యం సంచిలో దొరికింది. డిశ్చార్జి కాగితం సగం చెదలు తినేసింది. స్కాను ఫిల్ముల్లో ఒకదాన్ని గ్రహణం చూడ్డానికి పిల్లలు కత్తిరించుకున్నారు. పైగా అత్త ఆ నెలలో గుణదల మాతకు మొక్కుకుంది, గౌరీపట్నం నిర్మలగిరి కొండెక్కింది, ఆ తర్వాత అవుటపల్లి వెళ్లింది. మందులూ వాడింది. నయమైంది దేవుని దయవల్లే, అందులో నాకు సందేహం లేదు. కానీ ఎవరి వేడుదల వల్ల అని రోము అడిగితే ఏం చెబుతాం? మందుతో తగ్గేదే తగ్గిందంటే ఏమంటాం?

అపోహ: ఫాదర్లు, సిస్టర్లే పునీతులవుతారు.

తంబిగారే ఫాదర్ కాదు, ఫ్రాన్సిస్కన్ మూడో సభ వ్యక్తి. 2022 మే 15న పునీతుడైన దేవసహాయం పిళ్లై పెళ్లయిన గృహస్థుడు, తిరువాన్కూరు కొలువులో ఉద్యోగి, మన దేశం నుంచి ఆ గౌరవం పొందిన మొదటి సాధారణ విశ్వాసి.

అపోహ: పోప్ పునీతుల్ని తయారుచేస్తారు, మేం వాళ్లను దేవుళ్లుగా పూజిస్తాం.

లూథరన్, బాప్టిస్టు సంఘాలు బలంగా ఉన్న మా వైపు ఈ ప్రశ్న తప్పదు. మా వీధి మాస్టారు లూథరన్. "ఏవండీ, దేవుడుండగా మధ్యలో వీళ్లెందుకండీ?" అని ఎన్నోసార్లు అడిగారు. "మాస్టారూ, మీకు జ్వరమొస్తే 'నా కోసం ప్రార్థన చెయ్యండి' అని మీ సంఘంలో అడగరా? మేం పరలోకంలో ఉన్నవాళ్లను కూడా అడుగుతాం" అన్నాను. ఆరాధన దేవునికే. పునీతులకు ఇచ్చేది గౌరవం. పోప్ ప్రకటన ఎవరినీ పరలోకానికి పంపదు. వాళ్లు అక్కడ ఉన్నారని తిరుసభ ధైర్యంగా చెప్పడమే అది. ఏ ఫైలూ లేకుండా అక్కడికి చేరినవాళ్లు లెక్కలేనంత మంది. వాళ్లందరి కోసమే నవంబర్ 1న సకల పునీతుల పండుగ. మాస్టారు పూర్తిగా ఒప్పుకోలేదు గాని, "ఇలా ఎవరూ చెప్పలేదండీ" అన్నారు.

మొన్న అత్త చెబుతుంటే నోటుబుక్కులో రాశాను. ఏ జబ్బు, ఏ డాక్టరు, ఎవరిని వేడుకుంది, ఎప్పుడు తగ్గింది. ఏ అద్భుతానికీ పనికిరాకపోవచ్చు. అయినా మా గుడి విచారణ ఫాదర్‌గారి చేతికిస్తాను. తారీకు దగ్గర ఆగిపోయాం. "ఎప్పుడత్తా?" అంటే కాసేపు ఆలోచించి, "దాళ్వా ఊడ్పులు అవుతున్నాయిరా, కాలవ నిండా నీళ్లున్నాయి" అంది. ఏ సంవత్సరమో చెదలు తినని సగం కాగితంలో వెతుకుతున్నాను.