శివారుకొచ్చే కబురు

పులిగడ్డ అక్విడెక్టు దగ్గర నీళ్లు రెండంతస్తుల్లో కనిపిస్తాయి. పైన దివిసీమ పొలాలకు పోయే కాలువ, కింద కృష్ణమ్మ పాయ. పైనవి లెక్కగట్టి వదిలినవి. కిందవి ఎగువన ఎవరికీ అక్కర్లేక వదిలినవి. ఇక్కడే నది రెండుగా చీలి, దివిని మధ్యలో పెట్టుకుని సముద్రం దారి పడుతుంది. మహాబలేశ్వరం దగ్గర పుట్టి, 1,400 కిలోమీటర్లు నడిచొచ్చిన నదికి ఇదే చివరి గడప. డెల్టా రైతు మాటలో చెప్పాలంటే, శివారు.

శివారు కష్టం ఈ వైపు ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. కాలువలు వదిలారని పేపర్లో పడ్డాక ఎన్నాళ్లకో గానీ చివరి చేలో తడి కనపడదు. వరదకి మాత్రం ఆ మొహమాటం లేదు. మహారాష్ట్రలో, కర్ణాటకలో, తెలంగాణలో పడ్డ వానంతా నేరుగా లంకల మీదికే వస్తుంది.

వరద రోజుల్లో లంకవాళ్లు నీటి అంచున పుల్ల గుచ్చుతారు. కాసేపాగి వస్తారు. పుల్ల మునిగిపోతే జానెడు వెనక్కి జరిగి ఇంకోటి గుచ్చుతారు. అప్పటికి ఇళ్లలో టీవీ శ్రీశైలంలో ఎన్ని గేట్లు ఎత్తారో, నాగార్జున సాగర్‌లో ఎన్నో చెబుతూనే ఉంటుంది. ప్రకాశం బ్యారేజీ దగ్గర 3.97 లక్షల క్యూసెక్కులు దాటితే మొదటి ప్రమాద హెచ్చరిక, 5.69 లక్షలు దాటితే రెండోది. ఏటిమొగ దగ్గర పంటు ఆపేశారంటే ఎదురుమొండి దీవులకు దారి మూసుకుపోయినట్టే.

2009 అక్టోబరులో బ్యారేజీ దగ్గర ప్రవాహం 11 లక్షల దరిదాపుకొచ్చింది. అప్పుడు శ్రీశైలమూ, సాగరూ, బ్యారేజీ ఒకే రాష్ట్రంలో ఉండేవి. 2024 సెప్టెంబరులో 11.43 లక్షలు. బ్యారేజీని కట్టిందే 11.9 లక్షలు తట్టుకునేలా. ఈసారి మున్నేరు కూడా ఖమ్మాన్ని ముంచి మరీ వచ్చింది. అది పులిచింతల జలాశయానికి దిగువన కృష్ణలో కలుస్తుంది కాబట్టి, పట్టి ఆపడానికి మధ్యలో జలాశయమే లేదు. అక్కడ ఎంత వస్తోందో ఖమ్మం చెబితేనే కృష్ణా జిల్లాకు తెలియాలి.

గుడివాడ గొడవ వేరు. బుడమేరుది కొల్లేరు దారి. దాన్ని వెలగలేరు దగ్గర మళ్లించి కృష్ణలో కలిపే ఏర్పాటు ఉంది. కృష్ణే నిండుగా ఉంటే ఆ నీళ్లు ఎక్కడికి పోతాయి? 2024లో అదే జరిగింది. గండ్లు పడ్డాయి, బెజవాడ మునిగింది, ఆ నీళ్లే తర్వాత గుడివాడ పక్క నందివాడ మండలం మీదకొచ్చాయి. కొల్లేటి నుంచి సముద్రానికి ఉన్న దారి ఉప్పుటేరు ఒక్కటే. ఇందులో రాష్ట్రాల సరిహద్దేమీ లేదు, మనకు మనమే.

రాష్ట్రాలు చేయి కలపలేవా అంటే, కలిపిన రోజులున్నాయి. 2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర డ్యాం 19వ గేటు గొలుసు తెగి కొట్టుకుపోయింది. ఆ డ్యాం కర్ణాటక గడ్డ మీదున్నా, చూసుకునేది తుంగభద్ర బోర్డు. డ్యాం ఖాళీ అయ్యేదాకా ఆగకుండా, పారే నీళ్లలోనే స్టాప్‌లాగ్‌లు దించి వారం లోపే అడ్డు కట్టారు. ఆ పని నడిపించిన గేట్ల నిపుణుడు కన్నయ్య నాయుడే మరుసటి నెల ప్రకాశం బ్యారేజీ మీద కనిపించారు. పడవలు కొట్టుకొచ్చి గుద్దితే 67, 69 గేట్ల కౌంటర్‌వెయిట్లు దెబ్బతిన్నాయి. ఒకే నదీ పరీవాహకం, రెండు రాష్ట్రాలు, అదే మనిషి. అలాంటివాళ్లు ఎందరున్నారన్నది ఆలోచించాల్సిన సంగతి.

విభజన చట్టంతో 2014లో వచ్చిన కృష్ణా నదీ యాజమాన్య బోర్డు ముందుకు చేరే ఫైళ్లు ఎక్కువగా నీటి వాటాలవీ, కరెంటువీ. 811 టీఎంసీల్లో ఎవరికెంత అన్నదే వాదం. శ్రీశైలం డ్యాం ఒకటే, కుడివైపు విద్యుత్ కేంద్రం ఆంధ్రది, ఎడమవైపుది తెలంగాణది. 2020 ఆగస్టు 20 రాత్రి ఎడమగట్టు భూగర్భ కేంద్రంలో మంటలు రేగి తొమ్మిది మంది చనిపోయారు. గోడకి అటూ ఇటూ ఉన్నవాళ్లం కరెంటు లెక్కలతో పాటు ప్రమాదం వస్తే ఏం చేయాలన్నదీ కలిసి రాసుకోవద్దా?

రైన్ నది కథ ఇక్కడ గుర్తొస్తుంది. 1986 నవంబరు 1న స్విట్జర్లాండ్‌లో బాసెల్ దగ్గర ఒక రసాయనాల గోదాము తగలబడింది. మంటలార్పిన నీళ్లతో పాటు పురుగు మందులు నదిలో కలిసి చేపలు గుట్టలుగా చచ్చాయి. దిగువ దేశాలకు కబురు ఆలస్యమైందని పెద్ద రభస. రైన్ దేశాల కమిషన్ 1950 నుంచీ ఉంది. అయినా ఆ దెబ్బతో గానీ గట్టిగా కదల్లేదు. మరుసటేడే కార్యాచరణ పథకం వచ్చింది, నది పొడవునా హెచ్చరికల ఏర్పాటూ బలపడింది. ఆ నదికి శివారు నెదర్లాండ్స్, అదీ డెల్టానే.

సముద్రం విషయంలో మనం కొంత నేర్చుకున్నాం. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనలో అధికారిక లెక్క ప్రకారమే పదివేల మంది దాకా పోయారు. ఇప్పుడు బందరులో వాతావరణ శాఖ రాడారుంది, తుపాను షెల్టర్లున్నాయి. నదిలో వచ్చే విషానికి మాత్రం ఏ నంబరు హెచ్చరికా లేదు. హైదరాబాద్ మురుగూ, ఫ్యాక్టరీల వ్యర్థాలూ మోసుకుని మూసీ వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. సాగర్‌కు దిగువన, పులిచింతలకు ఎగువన. అక్కడి కాలుష్య నియంత్రణ మండలి వేరు, ఇక్కడిది వేరు.

నాగాయలంక వైపు రొయ్యల చెరువుల దగ్గర ఇంజను వేసే ముందు కాలవలోంచి దోసెడు నీళ్లు తీసి రంగు చూస్తారు, వాసన చూస్తారు. కొందరు బొట్టు నాలుక మీద వేసుకుంటారు. ఉప్పెంతుందో దాంతో తెలిసిపోతుంది. నీళ్లు ఉమ్మేసి, ఇంజను తాడు లాగుతారు.