మొదటి స్థలం కొనే ముందు: కాగితం, కొలత, లెక్క



వైశాల్యాలు, కర్ణాలు, చక్రవడ్డీ అనే పాఠాలు మీరు ఉన్నత పాఠశాలలోనే చదివారు. వాటన్నిటికీ ఒకేచోట పని పడే సందర్భం ఒకటుంది. అదే ఇంటి స్థలం కొనడం. 'మాకు ఇంకా ఆ వయసు రాలేదు కదా' అని మీరనుకోవచ్చు. అయితే మీ ఇంట్లో అమ్మానాన్నలు స్థలం కొనాలనుకున్న రోజున, ఆ రంగురంగుల కరపత్రాన్ని మీ చేతికిచ్చి 'ఇందులో ఏముందో చదివి చెప్పు' అంటారు. కంప్యూటరులో వివరాలు వెతకవలసింది కూడా చాలా ఇళ్ళలో మీరే. కాబట్టి ఈ విషయం ఇప్పుడే తెలుసుకోవడం మంచిది.

ముందుగా మా ఇంట్లో జరిగిన ఒక సంగతి చెబుతాను. మా పెదనాన్నగారు పదవీ విరమణ డబ్బులో ఎక్కువ భాగం పెట్టి, ఒక పట్టణం శివార్లలో 200 గజాల స్థలం కొన్నారు. ఏప్రిల్ నెలలో వెళ్ళి చూశారు. నేల ఎండి, చదునుగా, చక్కగా ఉంది. హద్దురాళ్ళు పాతి ఉన్నాయి. రిజిస్ట్రేషన్ కూడా సక్రమంగానే జరిగింది. ఆగస్టులో మళ్ళీ వెళితే అక్కడ మోకాలి లోతు నీళ్ళు! అది చెరువు శిఖం భూమి. ఇల్లు కట్టడానికి అనుమతి రాలేదు, కొనేవారూ రాలేదు. ఆ ఊరి రెవెన్యూ పటంలో చెరువు గీసే ఉంది. అప్పటికే నేను భౌతికశాస్త్రం బోధిస్తున్నాను. కానీ ఆ పటం ఒకసారి తెప్పించి చూడమని ఆయనకు చెప్పాలని నాకూ తోచలేదు.

ప్రయోగశాలలో ఏ ఫలితాన్నీ పరీక్షించకుండా మనం ఒప్పుకోము. స్థలం విషయంలోనూ అదే పద్ధతి పాటించాలి. పరీక్షలు మూడు: కాగితం, నేల, లెక్క. ఒక్కొక్కటిగా పరిశీలిద్దాం.

కాగితం ఏమి చెబుతుంది?

100 రూపాయలు, అంతకు మించిన విలువ గల స్థిరాస్తిని అమ్మినప్పుడు ఆ దస్తావేజును తప్పనిసరిగా రిజిస్టరు చేయించాలని 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం చెబుతోంది. ఇక్కడ చాలామంది పొరబడే అంశం ఒకటుంది. సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో నమోదయ్యేది 'ఫలానావారు ఫలానావారికి అమ్మినట్లు రాసుకున్నారు' అన్న సంగతి మాత్రమే. అమ్మినవారికి నిజంగా ఆ హక్కు ఉన్నదని ప్రభుత్వం హామీ ఇచ్చినట్లు కాదు. తనది కాని దాన్ని ఎవరైనా అమ్మితే, కొన్నవారికి రిజిస్టరైన కాగితం మిగులుతుంది గాని భూమి దక్కదు.

అందుకే లింకు డాక్యుమెంట్లు చూడాలి. ఈ స్థలం ఇప్పటి యజమానికి ఎవరి నుంచి వచ్చింది, వారికి ఎవరి నుంచి వచ్చింది అని వెనక్కి నడుచుకుంటూ వెళ్ళాలి. గొలుసులో ఒక్క కొక్కెం తెగినా అక్కడ ఆగి ప్రశ్నించాలి. ముప్పై ఏళ్ళ వరకైనా వెనక్కి వెళ్ళడం న్యాయవాదుల వాడుక. దీనికి తోడ్పడేది ఇ.సి. అని మనం పిలుచుకునే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్. ఆ స్థలం మీద రిజిస్టరైన అమ్మకాలు, తనఖాలు, దానపత్రాలు అందులో కనిపిస్తాయి. తెలుగు రాష్ట్రాలు రెండింటిలోనూ రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటులో దీన్ని చూసుకోవచ్చు. అయితే ఇ.సి.కి ఒక పరిమితి ఉంది. రిజిస్టరు కాని వ్యవహారాలు దానిలో కనిపించవు. నోటిమాటగా జరిగిన పంపకాలు, ఆస్తిలో వాటా ఉన్న అక్కచెల్లెళ్ళ హక్కు వంటివి విచారించి తెలుసుకోవలసిందే.

రెండవ జాగ్రత్త నిషేధిత భూముల జాబితా. ప్రభుత్వ, అసైన్డ్, దేవాదాయ, వక్ఫ్ భూముల వంటివాటిని రిజిస్ట్రేషన్ చట్టంలోని 22-ఎ సెక్షన్ కింద జాబితాలో చేరుస్తారు. సర్వే నంబరు తెలిస్తే అది ఆ జాబితాలో ఉన్నదో లేదో చూడవచ్చు.

మూడవది జి.పి.ఎ. అంటే అధికార పత్రం మీద జరిగే అమ్మకాలు. 'రిజిస్ట్రేషన్ ఖర్చు ఎందుకు, జి.పి.ఎ. రాసిస్తాం' అనేవారు ఇప్పటికీ ఉన్నారు. అలాంటి పత్రాలతో యాజమాన్యం బదిలీ కాదని, రిజిస్టరైన దస్తావేజు కావలసిందేనని సుప్రీంకోర్టు 2011లో స్పష్టం చేసింది.

ఇక వెంచర్ల సంగతి. 500 చదరపు మీటర్లకు మించిన లేఅవుట్‌ను, 8కి మించిన ఫ్లాట్లున్న భవనాన్ని రెరాలో నమోదు చేయకుండా ప్రకటనలు ఇవ్వడం, బుకింగులు తీసుకోవడం 2016 నాటి రెరా చట్టం ప్రకారం నేరం. కొనుగోలు ఒప్పందం రిజిస్టరు చేయకుండా ధరలో పదోవంతుకు మించి అడ్వాన్సు తీసుకోరాదు. కొనుగోలుదారుల దగ్గర వసూలైన సొమ్ములో 70 శాతం, ఆ ప్రాజెక్టు నిర్మాణానికి, భూమి ఖర్చుకు మాత్రమే వాడేలా, ప్రత్యేక ఖాతాలో ఉంచాలి. 'ప్రీ లాంచ్ ఆఫర్, సగం ధరకే' అని ఎవరైనా అంటే ముందుగా అడగవలసిన ప్రశ్న ఒక్కటే: 'రెరా నంబరు ఎంత?'

నేల ఏమి చెబుతుంది?

కాగితం మీద ఉన్న భూమి, కాలి కింద ఉన్న భూమి ఒకటేనా అని చూడటం రెండవ పరీక్ష. సర్వే రికార్డులో ప్రతి కమతానికీ కొలతలతో పటం ఉంటుంది. కోస్తా, రాయలసీమల్లో దాన్ని ఎఫ్.ఎం.బి. అంటారు, తెలంగాణలో టిప్పన్ అంటారు. లైసెన్సు గల సర్వేయరు చేత ఆ పటం ప్రకారం హద్దులు చూపించుకోవాలి.

కొలమానాలు కూడా తెలిసి ఉండాలి. ఎకరం అంటే 4,840 చదరపు గజాలు. దానిలో వందోవంతు సెంటు, అంటే 48.4 గజాలు. నలభయ్యోవంతు గుంట, అంటే 121 గజాలు. 33 అడుగుల భుజం గల చతురస్రం సరిగ్గా ఒక గుంట. సర్వే గొలుసు పొడవు 66 అడుగులు. అందులో సగం ఈ 33.

ఇప్పుడు ఒక చిన్న ప్రయోగం. 36 అడుగుల వెడల్పు, 50 అడుగుల పొడవు గల స్థలం వైశాల్యం 1,800 చదరపు అడుగులు, అంటే 200 గజాలు. మీరు టేపు పట్టి నాలుగు భుజాలూ కొలిచారు. 36, 50, 36, 50 వచ్చాయి. స్థలం సరిగ్గా ఉన్నట్లేనా? కాదు. మూలలు లంబకోణాలు కాకపోతే అది సమాంతర చతుర్భుజం. ఒక మూల 75 డిగ్రీలు ఉందనుకోండి. భుజాల పొడవులు అవే ఉన్నా వైశాల్యం సుమారు 1,739 చదరపు అడుగులకు తగ్గుతుంది. దాదాపు 7 గజాలు పోయినట్లే! దీన్ని కనిపెట్టే ఉపాయం పైథాగరస్ సిద్ధాంతంలోనే ఉంది. రెండు కర్ణాలూ కొలవండి. దీర్ఘచతురస్రమైతే రెండూ సమానంగా, సుమారు 61.6 అడుగులు రావాలి. పై ఉదాహరణలో ఒకటి 68.8, మరొకటి 53.5 అడుగులు వస్తాయి.

నీటి సంగతి అన్నిటికన్నా ముఖ్యం. చెరువు పూర్తిగా నిండినప్పుడు నీరు ఎక్కడిదాకా వస్తుందో ఆ గీతను ఎఫ్.టి.ఎల్. అంటారు. ఆ గీత లోపల కట్టడాలకు అనుమతి ఉండదు. 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువులకు ఎఫ్.టి.ఎల్. గీత అవతల మరో 30 మీటర్లు ఖాళీగా వదలాలని 2012 నాటి భవన నిబంధనలు చెబుతున్నాయి. 2024 జూలైలో హైదరాబాద్‌లో ఏర్పడిన హైడ్రా సంస్థ చెరువుల పరిధిలోని పలు కట్టడాలను కూల్చివేసింది. నీరు పల్లానికే పోతుంది. వరుసగా కొన్నేళ్ళు వానలు లేక చెరువు ఎండిపోవచ్చు గాని, ఆ పల్లం ఎక్కడికీ పోదు. అందుచేత స్థలాన్ని ఒకసారి ఎండాకాలంలో, మరొకసారి పెద్ద వాన పడిన మర్నాడు చూడాలి. ఆ ఊరి రైతులను, పశువుల కాపరులను అడిగితే నీరు నిలిచే చోటు వాళ్ళు వేలు పెట్టి చూపిస్తారు.

లెక్క ఏమి చెబుతుంది?

'2000లో లక్షకు కొన్నాం, 2024లో 8 లక్షలైంది' అని ఎవరైనా అంటే మనకు ఆశ్చర్యం కలుగుతుంది. కానీ లెక్క వేసి చూద్దాం. 1 నుంచి 2, 2 నుంచి 4, 4 నుంచి 8. అంటే 24 ఏళ్ళలో మూడుసార్లు రెట్టింపు, ప్రతి 8 ఏళ్ళకు ఒకసారి. 72ను రెట్టింపయ్యే కాలంతో భాగిస్తే వార్షిక వృద్ధి సుమారుగా వస్తుంది. 72ను 8తో భాగిస్తే 9. అంటే ఏడాదికి 9 శాతం. మంచి వృద్ధే గాని అద్భుతమేమీ కాదు.

ఇందులో ఖర్చులు కూడా కలపాలి. స్టాంపు సుంకం, రిజిస్ట్రేషన్ రుసుము కలిపి ఏడున్నర శాతం, అమ్మేటప్పుడు మధ్యవర్తికి 2 శాతం అనుకుందాం. 24 ఏళ్ళు ఉంచితే మన వృద్ధి 9 నుంచి సుమారు 8.6 శాతానికి తగ్గుతుంది. అదే వేగంతో పెరిగే స్థలాన్ని 5 ఏళ్ళకే అమ్మితే 7 శాతానికి పడిపోతుంది. కొద్దికాలంలో చేతులు మార్చేవారిని ఖర్చులే ఎక్కువగా తినేస్తాయని దీనివల్ల తెలుస్తోంది. పన్ను దీనికి అదనం.

అప్పు తెచ్చి కొంటే పరిస్థితి మరీ కష్టం. నూటికి రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం. వడ్డీ కట్టకుండా అసలులో కలుపుతూ పోతే ఆ అప్పు మూడేళ్ళకే దాదాపు రెట్టింపవుతుంది, స్థలానికి ఎనిమిదేళ్ళు పడుతుంది. పైగా స్థలం అవసరానికి వెంటనే అమ్ముడుపోదు. అమరావతి చుట్టుపక్కల కొన్నవారి అనుభవం చూడండి. 2014 తరువాత రాజధాని వస్తుందని కొన్నారు. 2019 చివర మూడు రాజధానుల ప్రకటన వచ్చింది. 2024లో మళ్ళీ అమరావతే రాజధాని అన్నారు. ఆగగలిగినవారు ఆగారు. పిల్ల పెళ్ళికో, వైద్యానికో డబ్బు కావలసినవారికి ఆగే వీలు ఎక్కడిది? కాబట్టి అత్యవసరానికి దాచిన డబ్బును స్థలంలో పెట్టరాదు.

చిన్న మొత్తంతో ఈ రంగాన్ని అర్థం చేసుకోవాలంటే రీట్లు ఉన్నాయి. ఇవి 2014లో సెబీ రూపొందించిన నిబంధనల కింద నడిచే ట్రస్టులు. ఆఫీసు భవనాల వంటివాటిని సొంతం చేసుకుని, పంపిణీకి అర్హమైన నగదులో కనీసం 90 శాతం యూనిట్లు ఉన్నవారికి పంచాలి. మనదేశంలో మొదటి రీట్ 2019లో స్టాక్ ఎక్స్ఛేంజీలోకి వచ్చింది. 2021 నుంచి ఒక్క యూనిట్ అయినా కొనుక్కోవచ్చు. వీటి ధర కూడా పెరుగుతుంది, తగ్గుతుంది. అయితే వార్షిక నివేదికలు చదివితే అద్దె, ఖాళీలు, అప్పు ఎలా లెక్కిస్తారో బోధపడుతుంది.

పునశ్చరణ

కాగితం ఎవరిదో చెబుతుంది. నేల అది ఎందుకు పనికివస్తుందో చెబుతుంది. లెక్క అది మనకు తగినదో కాదో చెబుతుంది. ఈ మూడూ సరిపోయేదాకా బయానా ఇవ్వవద్దని ఇంట్లో పెద్దలకు మీరు ధైర్యంగా చెప్పండి. 'ఈ రోజే కట్టాలి, రేపటికి ధర పెరుగుతుంది' అని తొందరపెట్టేవారికి, 'మా న్యాయవాదికి చూపించి వస్తాం' అన్న సమాధానం చాలు. బయానా ఇచ్చే రోజు వస్తే బ్యాంకు ద్వారానే ఇవ్వాలి. స్థిరాస్తి అమ్మకంలో 20,000 రూపాయలు, అంతకు మించి నగదుగా తీసుకోరాదని ఆదాయపు పన్ను చట్టం చెబుతోంది.

మీరే చేసి చూడండి

1. 30 అడుగుల వెడల్పు, 60 అడుగుల పొడవు గల స్థలం ఎన్ని గజాలు? దాని కర్ణం ఎంత ఉండాలి?

2. ఒక స్థలం విలువ 12 ఏళ్ళలో రెట్టింపైతే వార్షిక వృద్ధి సుమారు ఎంత?

3. మీ ఇంటి దస్తావేజు తీసి, సర్వే నంబరు, నాలుగు హద్దులు, లింకు డాక్యుమెంట్ల సంఖ్యలు ఒక కాగితం మీద రాయండి. తరువాత టేపు తీసుకుని రెండు కర్ణాలూ కొలవండి.