సొంత స్థలంలో ఇల్లా? జీ ప్లస్ 3లో ఫ్లాటా? ఎంచుకునే ముందు చదవండి

వార్డుల్లో గృహ పథకాల సమావేశం ఎక్కడ పెట్టినా ఒకే ప్రశ్న వస్తుంది: "సార్, స్థలంలో ఇల్లు కట్టుకోమంటారా, ఫ్లాట్ తీసుకోమంటారా?" అందరికీ ఒకే జవాబు చెప్పలేం. మీ ఇంటి పరిస్థితిని బట్టి జవాబు మారుతుంది. ఆ లెక్క మీరే వేసుకోవడానికే ఈ వివరాలు.

ముందుగా ఒక మాట. ఈ అవకాశం ఒక్కసారే వస్తుంది. ప్రధానమంత్రి ఆవాస్ యోజన పట్టణ 2.0 నిబంధనల ప్రకారం, గత 20 ఏళ్లలో ఏ ప్రభుత్వ పథకం కిందైనా ఇల్లు పొందిన కుటుంబానికి మళ్లీ ఇవ్వరు. అందుకే పక్కింటివాళ్లు తీసుకున్నారని మీరూ అదే తీసుకోకండి.

రెండు దారులు

1. సొంత స్థలం లేదా ఇంటి పట్టా ఉన్నవాళ్లు తామే ఇల్లు కట్టుకోవచ్చు. దీన్ని బీఎల్‌సీ అంటారు. ఆంధ్రప్రదేశ్‌లో కేంద్రం వాటా రూ.1.50 లక్షలు, రాష్ట్రం వాటా రూ.1 లక్ష, మొత్తం రూ.2.50 లక్షలు.

2. స్థలం లేనివాళ్లకు ప్రభుత్వం కట్టించే ఫ్లాట్. ఉదాహరణకు టిడ్కో ఇళ్లు 300, 365, 430 చదరపు అడుగుల్లో మూడు రకాలు ఉన్నాయి. మీ పట్టణంలో ఇప్పుడు ఫ్లాట్లు ఉన్నాయో లేవో ముందు వార్డు సచివాలయంలో కనుక్కోండి.

కుటుంబ వార్షికాదాయం రూ.3 లక్షల లోపు ఉండి, దేశంలో ఎక్కడా పక్కా ఇల్లు లేనివాళ్లకే ఈ రెండూ. ఇల్లు మహిళ పేరున గానీ, భార్యాభర్తలిద్దరి పేరున గానీ ఉండాలి.

ఇల్లు కట్టుకుంటే

నేల మీది, గోడ మీది, పైకప్పు మీది. రేపు కొడుకు పెళ్లయితే, పునాది గట్టిగా వేసుకుని అనుమతి తీసుకుంటే, పైన గది వేసుకోవచ్చు. ముందు వైపు చిన్న కొట్టు పెట్టుకోవచ్చు, కుట్టు మిషను వేసుకోవచ్చు. గేదె, మేకలు ఉన్నవాళ్లకు ఇదే దారి.

అయితే ఇల్లు కట్టి చూడమని పెద్దలు ఊరికే అనలేదు. సాయం డబ్బు మొదటే చేతికి రాదు. బేస్‌మెంట్, రూఫ్ లెవెల్, శ్లాబు ఇలా ఒక్కో దశ పూర్తయి, ఫొటో తీసి నమోదు చేశాకే ఖాతాలో పడుతుంది. అంటే ప్రతి దశకూ పెట్టుబడి ముందు మీరే పెట్టుకోవాలి.

ఒక లెక్క చూడండి. చదరపు అడుగుకు రూ.1,500 అవుతుందనుకుందాం. 400 చదరపు అడుగులకు రూ.6 లక్షలు. సాయం రూ.2.50 లక్షలు పోగా మిగిలిన రూ.3.50 లక్షలు ఎక్కడి నుంచి తెస్తారు? మీ ఊరి మేస్త్రిని అడిగి అసలు రేటుతో ఇదే లెక్క వేయించండి. పొదుపు సంఘం రుణం, బ్యాంకు రుణం ఎంత వస్తుందో తెలుసుకున్నాకే ముగ్గు పోయండి. బేస్‌మెంట్ దగ్గర ఆగిపోయిన ఇంటికి వడ్డీ కట్టుకుంటూ, ఇంకోచోట అద్దె కట్టుకుంటూ ఉండటం కంటే కష్టం ఇంకోటి లేదు.

ఫ్లాట్ తీసుకుంటే

మేస్త్రి చుట్టూ తిరిగే పని లేదు. ఇసుక, సిమెంటు బాధ లేదు. రోజు కూలీ మానుకుని పని దగ్గర నిలబడక్కర్లేదు.

కానీ మెట్లు, మోటారు, నీళ్ల ట్యాంకు, డ్రైనేజీ, డాబా అన్నీ ఉమ్మడివి. మోటారు కాలిపోతే అందరూ తలా కొంత వేసుకోవాలి. నలుగురు ఇవ్వకపోతే మొత్తం బ్లాకుకు నీళ్లు రావు. కాబట్టి చేరిన మొదటి నెలలోనే సంఘం పెట్టుకుని, నెలకు ఎంతో రాసుకోండి. పైన గది వేసుకోవడం కుదరదు. పత్రాల్లో స్థలంలో మీ వాటా ఎంతో రాశారో అడిగి చూసుకోండి. రుణంతో తీసుకుంటే నెల కిస్తీ ఎంత, ఎన్నేళ్లు, ఎప్పటి నుంచి మొదలవుతుంది అన్నవి సంతకానికి ముందే తెలుసుకోండి.

ఇంట్లో కూర్చుని మాట్లాడుకోవాల్సినవి

• పనికి రోజూ వెళ్లే దారి: కొత్త ఇంటి నుంచి ఆటో ఖర్చు రోజుకు రూ.60 అయితే, 25 రోజులకు రూ.1,500. అద్దె మిగిలిందనుకున్నది ఆటోకే పోతుంది.
• మెట్లు: మోకాళ్ల నొప్పులున్న అత్తగారు మూడో అంతస్తు ఎక్కగలరా? లిఫ్టు ఉందా? ఆమెను కూడా అడగండి.
• పిల్లల బడి, రేషన్ షాపు, ఆసుపత్రి ఎంత దూరం?
• స్థలం పత్రాలు: పట్టా ఎవరి పేరున ఉంది? అన్నదమ్ముల వాటాలు తేలాయా? తేలకపోతే ముందు అది తేల్చుకోండి.
• పట్టా స్థలం ఒక సెంటు అంటే 48.4 గజాలే. వెళ్లి కొలిచి చూసుకోండి. వానాకాలంలో అక్కడ నీళ్లు నిలుస్తాయేమో చుట్టుపక్కలవాళ్లను అడగండి.

ఇలా తేల్చుకోండి

పత్రాలు సరిగా ఉన్న స్థలం, మిగతా డబ్బుకు దారి, పని చూసుకునే మనిషి, ఈ మూడూ ఉంటే ఇల్లు కట్టుకోవడం మేలు. స్థలం లేక, రోజు కూలీ మీదే బతుకుతూ, ఫ్లాట్ మీ పనికి దగ్గరగా ఉంటే ఫ్లాటే నయం. స్థలం ఉండి డబ్బు దారి లేకపోతే తొందరపడి పని మొదలుపెట్టకండి. ముందు రుణం సంగతి తేల్చుకోండి.

ఆధార్, బ్యాంకు పాస్‌బుక్, ఆదాయ ధ్రువపత్రం, స్థలం పత్రాలు తీసుకుని వార్డు సచివాలయానికి మీరే వెళ్లండి. ఇల్లు ఇప్పిస్తామంటూ డబ్బు అడిగే దళారులకు రూపాయి కూడా ఇవ్వకండి. సంతకం పెట్టే ముందు కాగితం ఇంటికి తెచ్చి, చదువుకున్న పిల్లల చేత ఒకసారి పైకి చదివించుకుని వినండి.