తూటా అచ్చుకు పూచీ ఎవరిది?

పన్నెండు బోరు తుపాకీ అన్న మాట వినని ఊరు రాయలసీమలో అరుదు. ఆ పన్నెండు ఎక్కడి లెక్కో మాత్రం చాలామందికి తెలియదు. ఒక పౌను సీసాన్ని, అంటే సుమారు 454 గ్రాములను, కరిగించి సరిసమానంగా 12 గుండ్లు పోస్తే ఒక్కో గుండు దాదాపు పద్దెనిమిదిన్నర మిల్లీమీటర్ల లావు వస్తుంది. ఆ గుండు సరిగ్గా పట్టే గొట్టం పన్నెండు బోరు. ఇది సీసం పోసే పనివాళ్లు పెట్టుకున్న లెక్క. ఇంట్లో గుండ్లు పోసుకునే కాలం పోయి ఎన్నో ఏళ్లయినా తుపాకీ లైసెన్సుల్లో ఆ లెక్క అలాగే నడుస్తోంది.

ఆ గుండ్లను పోసిన పనిముట్టు పేరు మాత్రం ఎక్కడా కనబడదు. తుపాకులకు మ్యూజియాల్లో అద్దాల బీరువాలున్నాయి, వాటి మీద పుస్తకాలున్నాయి. తూటా అచ్చు గురించి చెప్పేవాళ్లు తక్కువ. యంత్రాలను ఎలా కాపాడుకోవాలో, అవి ఎందుకు ముసలివవుతాయో, వాటికి పూచీ ఎవరు పడాలో చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

ఇనుమూ సీసమూ కుదిరిన తీరు

పాతకాలపు చేతి అచ్చు చూడటానికి అడకత్తెరలా ఉంటుంది. రెండు ఇనుప దిమ్మెలు, వాటిని కలిపే ఒక శీల, పట్టుకోవడానికి రెండు పిడులు. ఒక్కో దిమ్మెలో అరగుండు పట్టే గుంట చెక్కి ఉంటుంది. పిడులు దగ్గరికి నొక్కితే రెండు గుంటలూ కలిసి గుండ్రని ఖాళీ ఏర్పడుతుంది. పైనున్న చిన్న కంతలోంచి కరిగిన సీసం పోస్తారు. గట్టిపడగానే పిడులు విప్పి గుండును రాల్చి, దానికి అంటుకున్న తోకను కత్తిరిస్తారు.

ఇంత చిన్న పనిముట్టు పనిచేయడానికి కారణం ఆ రెండు లోహాల స్వభావం. సీసం సుమారు 327 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది, ఇనుము 1538 డిగ్రీల దాకా కరగదు. కట్టెల పొయ్యి, ఒక ఇనుప గరిటె ఉంటే సీసం కరిగిపోతుంది. పైగా కరిగిన సీసం ఇనుముతో కలవదు, దానికి అతుక్కోదు. అందుకే గుండు అచ్చులోంచి సులువుగా ఊడివస్తుంది. ఘన సెంటీమీటరుకు 11.3 గ్రాముల బరువు తూగే లోహం కాబట్టి చిన్న గుండైనా గాలిని చీల్చుకుంటూ దూరం పోతుంది.

కష్టమంతా పోతలోనే ఉంది. సీసం గట్టిపడేటప్పుడు నూటికి మూడున్నర పాళ్లకు అటూ ఇటుగా కుంచించుకుపోతుంది. ఆ లోటు పూడాలంటే కంత దగ్గర ఇంకా వేడి సీసం మిగిలి ఉండాలి. కత్తిరించి పారేసే తోకే ఆ నిల్వ. అది చాలకపోతే గుండు నడుమ బోలు మిగులుతుంది. బోలు గుండు ఒక పక్కకు బరువై గురి తప్పుతుంది. అచ్చు చల్లగా ఉంటే గుండు మీద ముడతలు పడతాయి. మరీ కాగితే పైపొర మంచు పట్టినట్టు తెల్లబారుతుంది. అందుకే మొదట పోసిన కొన్ని గుండ్లను అనుభవమున్న పనివాడు మళ్లీ మూకుట్లోకే వేస్తాడు. అచ్చు తగిన వేడికి వచ్చిందని ఆ తర్వాతే నమ్ముతాడు.

నల్లమల అంచున సీసం

సీసం మన నేలకు కొత్తది కాదు. ఆత్మకూరు నుంచి నాగలూటి, పెద్దచెరువు మీదుగా శ్రీశైలానికి నడిచిపోయే పాతదారి ఎక్కే కొండలు, భూగర్భ శాస్త్రవేత్తలు కడప బేసిన్ అని పిలిచే పురాతన శిలల్లో భాగం. ఆ బేసిన్‌లోనే కడప జిల్లా వరికుంట, జంగంరాజుపల్లె దగ్గర పాతకాలపు సీసపు తవ్వకాల ఆనవాళ్లున్నాయి. వినుకొండ వైపు అగ్నిగుండాల ప్రాంతంలోని బండ్లమోటులో ఇరవయ్యో శతాబ్దంలో సీసం గని నడిచింది.

సీసం ఉంటే చాలదు, తుపాకీకి తగిన అచ్చూ ఉండాలి. యంత్రాలు రాకముందు తుపాకులను ఒక్కొక్కటిగా చేత్తోనే చేసేవారు. ఏ రెండు గొట్టాల లోపలి వెడల్పూ ఒక్కటిగా ఉండేది కాదు. కాబట్టి మంచి తుపాకీతో పాటు దానికి సరిపోయే అచ్చును కూడా చేసి ఇచ్చే పద్ధతి వచ్చింది. ఆ అచ్చు పోతే తుపాకీకి సరైన తిండి లేనట్టే. శీల వదులైనా, దిమ్మెల అంచులు అరిగినా చేసినవాడి దగ్గరికో, మరో పనితనమున్న కమ్మరి దగ్గరికో తీసుకుపోవాలి. కాగితం మీద వారంటీ లేని ఆ రోజుల్లో పనివాడు కొలిమి దగ్గర దొరకడమే కొన్నవాడికి భరోసా.

కర్నూలులో ఆగిన కొలుములు

ఆ భరోసా తెగితే ఎంత పెద్ద కార్ఖానా అయినా ఏమవుతుందో కర్నూలు చూసింది. నందికొట్కూరు, నంద్యాల, సిరివెళ్ల ప్రాంతాలు ఒకప్పుడు కర్నూలు నవాబుల ఏలుబడిలో ఉండేవి. ఆఖరి నవాబు గులాం రసూల్ ఖాన్ గుట్టుగా ఆయుధాలు పోగుచేస్తున్నాడని 1839లో ఈస్టిండియా కంపెనీ ప్రభుత్వానికి అనుమానం వచ్చింది. సైన్యం వచ్చి కోటను సోదా చేస్తే మొదట పెద్దగా ఏమీ కనబడలేదు. తర్వాత జనానా వైపు వెతికితే అదంతా ఆయుధాగారంగా మారి ఉంది. ఫిరంగులూ గుండ్లూ పోసే కొలుములు అక్కడే బయటపడ్డాయి.

1839 అక్టోబరు 18న కర్నూలు పక్కనే ఉన్న జొహరాపురం దగ్గర పోరు జరిగింది. నవాబును తిరుచిరాపల్లికి తరలించారు. మరుసటి ఏడాది ఆయన అక్కడే హత్యకు గురయ్యాడు. రాజ్యంతో పాటు కొలుములూ ఆరిపోయాయి. ఎన్నో చేతుల పనితనం ఒక్కసారిగా ఆగిపోయింది.

హైదరాబాదుదీ అలాంటి కథే. నిజాం అలీఖాన్ కొలువులో ఉన్న ఫ్రెంచి సేనాని రేమండ్ పద్దెనిమిదో శతాబ్దం చివర నెలకొల్పిన ఫిరంగుల కార్ఖానా 'తోప్ కా సాంచా'గా పేరుపడింది. 1798 మార్చిలో రేమండ్ చనిపోయాడు, అక్టోబరులో ఫ్రెంచి దళాన్ని రద్దు చేశారు. గన్‌ఫౌండ్రీ అన్న పేటకు పేరు మిగిలింది, కొంత శిథిలం మిగిలింది. అక్కడ ఏ అచ్చును ఎవరు ఎలా బాగుచేసేవారో చెప్పే వంశం మిగల్లేదు.

చేతి అచ్చు నుంచి యంత్రం దాకా

అదే కాలంలో ఐరోపాలో పోత పద్ధతే మారుతోంది. ఇంగ్లండులోని బ్రిస్టల్‌కు చెందిన విలియం వాట్స్ 1782లో అచ్చే లేని పద్ధతికి పేటెంటు పొందాడు. ఎత్తయిన బురుజు మీద జల్లెడలోంచి కరిగిన సీసాన్ని జారవిడిస్తే, కిందపడే లోపు ప్రతి చుక్కా తలతన్యత వల్ల గుండ్రబడుతుంది. కింద నీళ్ల తొట్టిలో పడి చల్లారుతుంది. చిన్న రవ్వలకు అది చక్కగా కుదిరింది. పెద్ద గుండ్లు అచ్చుల్లోనే పుట్టాయి.

1849లో ఫ్రాన్సులో మీనియే తూటా వచ్చింది. అది గుండు కాదు, అడుగున గుంట ఉన్న కోసుగా ఉండే తూటా. పేలుడు వాయువు ఆ గుంటలో చేరి తూటా అడుగును వెడల్పు చేస్తే అది గొట్టం లోపలి మెలిక గాడులకు బిగుసుకుంటుంది. ఆ ఆకారం ప్రతిసారీ ఒకేలా రావాలి. సీసపు కడ్డీని ముక్కలు చేసి ఒత్తిడితో తూటాలుగా మలిచే యంత్రాలు బ్రిటన్‌లో వచ్చాయి. ఒత్తిన తూటాలో బోలు ఉండదు. దాంతో సైన్యానికి చేతి అచ్చు అవసరం తీరిపోయింది. వేటగాళ్లూ గురి పోటీల వాళ్లూ మాత్రం దాన్ని వదల్లేదు. అమెరికాలో జాన్ బార్లో 1884లో స్థాపించిన ఐడియల్ కంపెనీ అలాంటి పనిముట్లు చేసింది. 1925లో అది లైమన్ చేతికి వచ్చింది.

వారంటీ ఆగే చోటు

ఇరవయ్యో శతాబ్దంలో కరెంటు మూకుళ్లు వచ్చాయి. తీగచుట్ట వేడి పుట్టిస్తుంది, థర్మోస్టాట్ ఆ వేడిని అదుపు చేస్తుంది, అడుగునున్న కవాటం తెరిస్తే సీసం నేరుగా అచ్చులోకి దిగుతుంది. ముసలితనం కూడా ఆ వరుసలోనే వస్తుంది. తీగచుట్ట కాలిపోతుంది. థర్మోస్టాట్ లెక్క తప్పుతుంది. కవాటం సందులో మడ్డి చేరి చుక్కచుక్కగా కారుతుంది.

తయారీదారు ఇచ్చే వారంటీ సాధారణంగా లోహంలో, పనితనంలో లోపాలకే వర్తిస్తుంది. అరుగుదలకూ, మోటుగా వాడినందుకూ వర్తించదు. అచ్చును దెబ్బతీసేవి ఈ రెండే. ఇరుక్కున్న గుండును ఇనుప మొనతో పొడిచి తీస్తే గుంట అంచు గీసుకుపోతుంది. శీల వదులైతే దిమ్మెలు ఎదురెదురుగా కూర్చోవు, గుండు నడుమ సన్నని రెక్క లేస్తుంది. వేడి అచ్చును నీళ్లలో ముంచితే ఇనుము వంకరపోతుంది. ఆ తడి ఆరకుండా సీసం తగిలితే నీరు ఒక్కసారిగా ఆవిరై కరిగిన లోహాన్ని మొహం మీదికి చిమ్ముతుంది. ఇవేవీ జరగకుండా చూసుకుని, పని అయ్యాక నూనె పూసి, పొడిచోట దాచిన ఇనుప అచ్చు తరాలు దాటి బతుకుతుంది. చేసిన కంపెనీ మూతపడ్డాక కూడా అది పనిచేస్తుంది.

సంరక్షణలో మనిషి కూడా ఉన్నాడు. సీసపు దుమ్ము, మడ్డి ఒంట్లో చేరితే నరాలనూ రక్తాన్నీ మూత్రపిండాలనూ దెబ్బతీస్తుంది. పిల్లల ఎదుగుతున్న మెదడుకు అది మరీ ప్రమాదం. వంటింటి పొయ్యి మీద సీసం కరిగించిన తరాలకు ఈ సంగతి తెలియదు. మనకు తెలుసు. ఏ కార్ఖానాలోనైనా, పాత బ్యాటరీలు కరిగించే షెడ్డులోనైనా, యంత్రాన్ని చూసుకునే శ్రద్ధలో సగమైనా పనివాడి ఊపిరి మీద పెట్టకపోతే ఆ సంరక్షణ అబద్ధమే.

ఇప్పుడు మన వంతు

మన దేశంలో 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తూటాలు చేయడం నేరం. నల్లమలలో పెద్దభాగం ఇప్పుడు పులుల అభయారణ్యం, అక్కడ వేటకు చోటు లేదు. పాత అచ్చుకు ఇక చరిత్ర చెప్పే పనే మిగిలింది. ఆ పనికీ సంరక్షణ కావాలి. ఇనుప అచ్చును తేమ తినేస్తుంది. సీసపు గుండ్లను చెక్క బీరువాలో పెడితే, చెక్క విడిచే ఆమ్లపు ఆవిరి వాటిని మెల్లగా తెల్లటి పొడిగా మార్చేస్తుంది. పాత గుండ్లను ఆమ్లం విడవని పెట్టెల్లో, అచ్చులను తేమ తగలని చోట ఉంచడం పెద్ద ఖర్చు కాదు.

1846లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి తిరుగుబాటు చేసిన నేల ఇది. ఆ పోరాటం గురించి చెప్పుకునేటప్పుడు వీరుణ్ణి తలుస్తాం, తుపాకీని తలుస్తాం. గుండు పోసిన చేతిని, దాని అచ్చుకు శీల బిగించిన కమ్మరిని కూడా తలవాలి. మన జిల్లాల్లో పాత తుపాకులు ప్రదర్శించే ప్రతిచోటా వాటి పక్కన ఒక అచ్చునూ ఒక గరిటెనూ పెట్టి, అవి ఎలా పనిచేసేవో నాలుగు ముక్కలు తెలుగులో రాయాలి. కొలిమి పని తెలిసిన పెద్దలు ఇంకా ఉన్న ఊళ్లలో వాళ్లు చెప్పేది ఇప్పుడే రాసుకోవాలి. ఆ పని ఏ కంపెనీ వారంటీలోనూ ఉండదు, మనమే చేసుకోవాలి.