పరగడుపున లెక్కలు

పిల్లవాడు లెక్కలలో తప్పినాడనగానే మనవారు బెత్తమునో, ట్యూషను మాస్టరునో వెదకుదురు. ఆ బిడ్డ ప్రొద్దున ఏమి తిని వచ్చెనని అడుగువారు అరుదు.

విజయవాడ రహదారియు, హైదరాబాదు బాహ్యవలయ రహదారియు కలియు కూడలి పెద్ద అంబర్‌పేట. భూముల వెలలు పెరిగి భాగ్యవంతులైనవా రచ్చట కలరు. తెల్లవాఱకమునుపే కూలికి పోవు తల్లిదండ్రులును కలరు. అట్టి ఇండ్లలో పిల్లల ప్రాతర్భోజనము పెక్కుమారులు గ్లాసెడు టీతో సరి. టీ ఆకలిని చంపును గాని తీర్పదు. పైపెచ్చు, అన్నముతోపాటు త్రాగినచో అందలి ఇనుము వంటబట్టకుండ అడ్డుపడును. ఇనుము చాలనినాడు నెత్తురు పలుచనగును, మెదడునకు ప్రాణవాయువు చాలదు, చూపు పలకపై నిలువదు. దానిని మనము మొద్దుతనమందుము! 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణమున అయిదేండ్లలోపు బిడ్డలలో నూటికి 70 మంది రక్తహీనులని తేలినది. ఆ పసివారే నేడు బడికి వచ్చుచున్నారు.

బడిలో అన్నము పెట్టుట మనకు క్రొత్త కాదు. 1920లో మద్రాసు నగరపాలక సంస్థ బడిలో దానికి శ్రీకారము చుట్టిన పిట్టి త్యాగరాయ చెట్టిగారు తెలుగువారే. 2001 నవంబరు 28న సుప్రీముకోర్టు ఆజ్ఞాపించిన పిమ్మట, 2003 జనవరిలో మన బడులలో వండిన అన్నము వచ్చినది. ప్రాథమిక తరగతుల బిడ్డకు 450 కేలరీలు, 12 గ్రాముల మాంసకృత్తులు ఇందలి నియమము. ఫలమేమన్నచో, అయిదేండ్లపాటు ఈ భోజనము తిన్న పిల్లలు, ఏడాదియైన తినని పిల్లలకంటె చదువుటలో నూటికి 18, లెక్కలలో 9 పాళ్లు మిన్నగా నుండిరని తనికా చక్రవర్తి, రాజశ్రీ జయరామన్ గార్లు 2019లో ప్రకటించిరి.

అయినను ఆ అన్నము మధ్యాహ్నమునకు గాని రాదు. కఠినమైన పాఠములు ప్రొద్దుటివే. 2020 జాతీయ విద్యావిధానము ఈ సంగతి గుర్తించి ఉదయపు ఫలహారము పెట్టుమన్నది. 2023 అక్టోబరు 6న, అంబర్‌పేటకు వలయ రహదారిపై కొలది దూరముననే యున్న రావిర్యాలలో, ముఖ్యమంత్రి అల్పాహార పథకము ప్రారంభోత్సవము జరిగినది. ప్రారంభోత్సవములు మనకు తక్కువ లేవు. పొయ్యి నిత్యము రాజవలెను. ప్రభుత్వము మారినను ఎసరు దిగరాదు. వంటచేయు స్త్రీలకు కూలి నెలనెలా ముట్టవలెను. వారిచేత అప్పు చేయించి మన బిడ్డలకు అన్నము పెట్టించుట మర్యాద కాదు.

ఊరి సంపన్నులకు ఒక మనవి. దాతలు బడిపిల్లలకు భోజనము పెట్టు ‘తిథి భోజనము’ సర్కారు నియమములలోనే యున్నది. పెండ్లిలో ఇరువది పిండివంటలు పెట్టి సగము పారబోయువారు, ఆ ఖర్చులో కొంత తీసి బడికి ఒక మాసము రాగిజావయు, అప్పుడప్పుడు జామపండ్లును ఇయ్యవచ్చును. జామపండులోని సి విటమిను తిండిలోని ఇనుమును ఒంటికి పట్టించును. మిఠాయి పెట్టెలు మాత్రము పంపవలదు. ఇచ్చినవారు ఒకనాడు బడికి పోయి, పిల్లల వరుసలో కూర్చుండి, ఆ జావ తామును త్రాగి చూడవలెను.