మిస్సమ్మ కోపం ఎందుకు కరిగింది?

పెళ్లికాని ఇద్దరు పట్టభద్రులు భార్యాభర్తలమని అబద్ధమాడి ఒకే బడిలో పంతులు, పంతులమ్మగా చేరతారు. బి.ఏ. చదివిన దంపతులే కావాలని ఆ బడి నడిపే అప్పాపురం జమీందారు షరతు పెట్టాడు మరి! ఆయన ఇచ్చిన ఇంట్లోనే ఇద్దరి కాపురం. ఆమె మేరీ, క్రైస్తవురాలు, ముక్కుమీద కోపం. అతను ఎం.టి. రావు, ఎవరితోనైనా ఇట్టే కలిసిపోయే రకం. పొద్దున లేచింది మొదలు ఇద్దరికీ పడదు. చివరికి ప్రేమలో పడతారు. ఎల్వీ ప్రసాద్ దర్శకత్వంలో 1955లో వచ్చిన ‘మిస్సమ్మ’ కథ ఇది. సావిత్రి, ఎన్టీ రామారావు ఆ జంట.

కలిసి పనిచేసే ఇద్దరు కీచులాడుకుని, ఆఖర్న ఒకటయ్యే కథలు ఆ తర్వాత ఎన్నో వచ్చాయి. బడి పోయి ఆఫీసు వచ్చింది, అంతే తేడా. వాటిని చూసిచూసి మనకో నమ్మకం కుదిరింది: రోజూ ఎదురెదురుగా ఉంటే ఎంతటి వైరమైనా ప్రేమగా మారుతుందని. ఇందులో నిజమెంత?

దగ్గరితనానికి బలముందన్న మాట నిజమే. లియాన్ ఫెస్టింగర్, మరో ఇద్దరు పరిశోధకులు అమెరికాలోని ఎంఐటీ విద్యార్థుల నివాస సముదాయంలో ఎవరికి ఎవరు స్నేహితులో ఆరా తీసి, 1950లో ఫలితాలు ప్రచురించారు. పక్కింటివాళ్లను స్నేహితులుగా చెప్పినవారు 41 శాతం. ఒక ఇల్లు దాటితే అది 22 శాతానికి, అదే వరండాలో ఆ చివరి ఇంటికి వచ్చేసరికి 10 శాతానికి పడిపోయింది. మధ్య దూరం కొన్ని అడుగులే!

మాటలే అక్కర్లేదు, తరచూ కంటపడితే చాలునన్నాడు రాబర్ట్ జయోంక్. అర్థం తెలియని పదాలను, ముక్కూమొహం తెలియనివాళ్ల ఫొటోలను ఎక్కువసార్లు చూపిస్తే జనం వాటిపట్ల ఎక్కువ ఇష్టం కనబరిచారని 1968లో ఆయన చూపించాడు. 1992లో మోర్‌లాండ్, బీచ్ ఇదే సంగతిని తరగతి గదిలో పరీక్షించారు. ఒకేలాంటి రూపురేఖలున్న నలుగురు యువతుల్లో ఒకామె ఆ తరగతికి అసలు రాలేదు. మిగిలినవారు 5, 10, 15 సార్లు వచ్చి, ఎవరితోనూ మాట్లాడకుండా కూర్చుని వెళ్లారు. ఎక్కువసార్లు వచ్చిన యువతి ఫొటోకే విద్యార్థులు ఎక్కువ మార్కులు వేశారు.

ఇక్కడితో ఆపేస్తే సినిమా గెలిచినట్టే. కానీ ఆ ప్రయోగాల్లో ముందుగా ద్వేషం లేదు. తెలియనితనం మాత్రమే ఉంది. ద్వేషం ఉన్నచోట ఏమవుతుంది? 1976లో ఎబ్బెసెన్ బృందం కాలిఫోర్నియాలోని ఒక నివాస సముదాయంలో స్నేహితులతోపాటు గిట్టనివాళ్ల పేర్లూ అడిగింది. గిట్టనివాళ్లు కూడా దగ్గర్లోనే ఉన్నారు! ఆలోచిస్తే వింతేమీ లేదు. నాలుగు వీధుల అవతలివాడు రేడియో ఎంత గట్టిగా పెట్టినా మనకేం బాధ?

గొడవపడేటప్పుడు గుండె దడదడలాడుతుంది. ఆ దడనే మనసు ప్రేమ అనుకుంటుందన్న వాదం ఒకటుంది. 1974లో డటన్, ఆరన్ కెనడాలో ఊగే వంతెన మీద చేసిన ప్రయోగం దానికి ఆధారం. అయితే 1981లో వైట్ బృందం మరో కోణం బయటపెట్టింది. యువకులను పరిగెత్తించి, గుండె వేగంగా కొట్టుకుంటుండగా ఒక యువతి వీడియో చూపించారు. ఆమె ఆకర్షణీయంగా ఉన్నప్పుడు ఇష్టం పెరిగింది, లేనప్పుడు అయిష్టమూ పెరిగింది. దడ చేసేది ఉన్నదాన్ని పెంచడమే, కొత్తగా పుట్టించడం కాదు. దగ్గరితనం కూడా చాలామటుకు అంతే అనిపిస్తుంది.

మరి మేరీ ఎందుకు మారింది?

నా మట్టుకు జవాబు 1954లో అమెరికాలోని ఓక్లహోమాలో జరిగిన ఒక బాలల శిబిరంలో ఉంది. ముజఫర్ షెరీఫ్ పదకొండేళ్ల అబ్బాయిలను రెండు జట్లు చేసి పోటీలు పెడితే, జెండాలు తగలబెట్టుకునేదాకా వైరం ముదిరింది. తర్వాత ఇద్దరినీ కలిపి భోజనాలకు కూర్చోబెట్టాడు, సినిమాలు చూపించాడు. ఫలితం లేదు. పైగా అన్నాల దగ్గర ఒకరిమీద ఒకరు తిండి విసురుకున్నారు. చివరికి శిబిరానికి నీళ్లు ఆగిపోయేలా చేశాడు. అందరూ చెయ్యివేస్తే తప్ప నీళ్లు రావు. అలాంటి పనులు వరసగా కొన్ని పడ్డాక వైరం సడలింది. చిన్నపిల్లలకు చెప్పకుండా తగవు పెట్టి చూడటం ఈరోజు ఏ నైతిక కమిటీ ఒప్పుకోని పని. పిల్లలూ కొద్దిమందే. అయినా కలిసి ఉండటం వేరు, కలిసి గట్టెక్కడం వేరు అన్న తేడాను ఇంత స్పష్టంగా చూపిన ప్రయోగాలు తక్కువ.

మిస్సమ్మలో నీళ్ల ట్యాంకు ఉద్యోగమే. మేరీకి అప్పు ఉంది. అప్పిచ్చిన డేవిడ్ ఆమెను పెళ్లాడమని వేధిస్తుంటాడు. రావుకూ బతుకుతెరువు కావాలి. ఒకరు నోరు జారితే ఇద్దరి జీతాలూ పోతాయి. రోజంతా పోట్లాడుకున్నా, జమీందారు ఎదురైతే ఒక్క మాటమీద నిలబడాల్సిందే. అన్నిటికీ మించి, ఒకే కప్పు కింద ఉన్నా రావు ఆ నాటకాన్ని అలుసుగా తీసుకోడు. మేరీకి అతని గురించి కొత్త సంగతులు తెలుస్తూ వచ్చాయి. జమీందారు కూతురు సీతకు అతను సంగీతం నేర్పుతుంటే ఆమెకు ఒళ్లు మండిందంటే, అప్పటికే లోపల ఏదో కదిలిందన్నమాట.

ఆ కదలిక ప్రేక్షకుడికి ఎలా తెలిసింది? మేరీ ఒంటరిగా ఉన్నప్పుడు కెమెరా సావిత్రి ముఖం దగ్గరికి వెళ్లి చూపించింది కాబట్టి. పక్క కుర్చీలో పనిచేసే సహోద్యోగికి ఆ సౌకర్యం లేదు. 1982లో ఆంటోనియా ఆబీ ఒక ప్రయోగం చేసింది. పరిచయంలేని యువతీ యువకులు ఐదు నిమిషాలు మాట్లాడుకుంటుంటే, మరో యువతి, యువకుడు చాటునుంచి చూశారు. యువతి మామూలు స్నేహంగా మాట్లాడిన తీరులో మాట్లాడిన యువకుడికీ, చాటునుంచి చూసిన యువకుడికీ యువతులకంటే ఎక్కువ ‘ఆసక్తి’ కనిపించింది. నవ్వునే ఇలా చదివేవారు, సినిమా నేర్పిన పాఠంతో కోపాన్ని ఎలా చదువుతారు? ‘విసుక్కుంటోందంటే మనసులో ఉన్నట్టే’ అని వెంటపడేవాడికి ఆ విసుగు నిజంగా విసుగే కావచ్చన్న ఆలోచనే రాదు.

పనిచేసే చోట లైంగిక వేధింపులపై మన దేశంలో 2013లో వచ్చిన చట్టం ఆ ప్రవర్తన అవాంఛితమా అన్నదాన్నే ప్రధానంగా చూస్తుంది. చేసినవాడి మనసులో ప్రేమ ఉందన్న వాదన అక్కడ సరిపోదు. 10 మంది, అంతకుమించి పనిచేసే ప్రతిచోటా అంతర్గత కమిటీ ఉండాలి. అప్పాపురం బడిలో అంతమంది ఉండి ఉండరు. అలాంటి చిన్న చోట్ల నుంచి వచ్చే ఫిర్యాదులను జిల్లాలోని స్థానిక కమిటీ తీసుకుంటుంది.